ఎర్రచీటీ మీద సంతకం

మా చెల్లెల్ని ఫ్యాక్టరీలో అందరూ ఎర్రచీటీ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే. ఇరవై రెండేళ్ళు ఫ్యాన్ల ఫ్యాక్టరీలో నేను వైండింగ్ బల్ల దగ్గర కూర్చుని రాగితీగ చుట్టాను. అది టెస్టింగ్ బల్ల దగ్గర నిలబడి నేను చుట్టినవాటికి వంకలు పెట్టింది. లోపం దొరికితే ఎర్రచీటీ అంటించడం దాని ఉద్యోగం. అంటించేటప్పుడు మూతి ఓరగా పెట్టి నవ్వడం మాత్రం ఉద్యోగంలో లేదు, అది దాని సొంతం.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరం ఒకే ఇంట్లో పడ్డాం. మేడమీద నేను, కింద అది. అమ్మ పోతూపోతూ అలా రాసింది, మా మీద ఏం కక్షో. మాటల్లేవు. తప్పనిసరైతే మెట్ల మీద నిలబడి గోడకి చెప్పినట్టు చెప్పుకుంటాం.

ఎందుకంటారా? వైండింగ్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయిన వారంలో నా స్టేటర్ ఒకదానికి, అంటే ఫ్యాన్ లోపల తీగచుట్లుండే ఇనుప భాగానికి, అది చీటీ అంటించింది. "మూడో పోల్ తిరగబడింది" అని రాసింది. పోల్ అంటే స్టేటర్‌లో ఒక్కో తీగచుట్ట; ఒక పోల్ కుడికి చుడితే పక్కది ఎడమకి చుట్టాలి, అందుకే ప్రతి పోల్‌కీ చుట్టే అచ్చుని తిరగేస్తాం. కొత్తగా చేరిన పిల్లకైనా తెలిసిన సంగతి. అందులో నేను తప్పానట! చీటీ అడుగున "లోపం ఒప్పుకున్నవారి సంతకం" అని ఒక గీత ఉంటుంది. చచ్చినా చెయ్యనన్నాను. చీటీ పీకి జాకెట్లో దోపుకుని బయటికొచ్చేశాను. నేను తిరిగి వెళ్ళేసరికి ఆ స్టేటర్‌ని తుక్కులో పడేశారు, పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారు. చెల్లెలే కొసలు మార్చి నన్ను ఇరికించిందని ఆ రోజే తేల్చుకున్నాను. పందొమ్మిదేళ్ళయింది. చీటీ ఇప్పటికీ నా సూదుల డబ్బాలో ఉంది. అప్పుడప్పుడు తీసి చూసుకుంటే కోపం మళ్ళీ తాజాగా వస్తుంది.

ఇక టెస్లా కాయిల్ సంగతి. ఫోన్‌లో ఎవడో కుర్రాడు గొట్టానికి తీగ చుట్టి, దాని నెత్తిమీంచి ఊదారంగు మెరుపు పుట్టిస్తుంటే చూశాను. మెరుపు కంటే ముందు వాడి వైండింగే నా కంట్లో పడింది. సందులు, ఎగుడుదిగుళ్ళు. ఆ ముష్టి చుట్టుకే మెరుపొస్తే నా చేతికి ఏం రావాలి? బెత్తెడు లావు ప్లాస్టిక్ గొట్టం, వెంట్రుకంత సన్నటి ఎనామిల్ తీగ తెచ్చాను. తొమ్మిది వందల చుట్లు, పక్కపక్కనే, ఒకే వరస. ఒక్క చుట్టు కూడా ఇంకోదాని మీదికి ఎక్కకూడదు. రెండు రోజులు పట్టింది. మొదటి రోజు సగం అయ్యాక టేపు వేసి లేచాను. రెండో రోజు మిగతా సగం పూర్తిచేశాను. గొట్టం అద్దంలా తళతళలాడింది. తలమీద అల్యూమినియం గిన్నె బోర్లించాను. కింద లావు తీగతో అయిదు చుట్లు, వాటికి కరెంటు అందించే రెడీమేడ్ సర్క్యూట్ బోర్డు. కాయిల్ కింది కొసని ఎర్త్‌కి కలపాలి. మా ఇంటికంతటికీ ఎర్త్ కడ్డీ ఒక్కటే, పెరట్లో, చెల్లెలు బట్టలుతికే చోట. అక్కణ్ణుంచి నా గదికి తీగ లాక్కున్నాను.

స్విచ్ వేశాను. బోర్డు గుయ్యిమంది. మెరుపు లేదు. పక్కన పెట్టిన ట్యూబ్‌లైటు వెలగాలి, అదీ లేదు. బోర్డు మార్చాను. గిన్నె మార్చాను. వారం రోజులు అదే గుయ్యి. ఎనిమిదో రోజు చెల్లెలు కింద నుంచి చీపురుకర్రతో కప్పు మీద పొడిచి, "ఏమైనా పుట్టిందా, లేక టెస్టింగ్‌కి పంపుతావా?" అని అరిచింది.

ఒళ్ళు మండిపోయింది. వైండింగ్ నాది కాబట్టి తప్పుండదు. బోర్డు కొత్తది. మిగిలింది ఎర్త్. ఎర్త్ ఎవరి పెరట్లో ఉంది? లెక్క తేలిపోయింది. మెట్లు దిగి వెళ్ళాను. అది బకెట్ ముందు కూర్చుని దుప్పటి పిండుతోంది.

"తీగ పీకేశావు కదే!"

"ఏ తీగ?"

"నంగనాచి వేషాలెయ్యకు. అప్పుడు స్టేటర్ కొసలు మార్చావు, ఇప్పుడు ఎర్త్ పీకావు. నేను బాగుపడితే నీ కళ్ళు పేలిపోతాయి. పుట్టినప్పటినుంచీ అంతే నువ్వు, ఏడుపుగొట్టు ముఖమా! అమ్మ నిన్ను కనకుండా ఉంటే ఈ ఇంట్లో సుఖంగా ఉండేదాన్ని."

చివరి మాట అనకుండా ఉండాల్సింది. అనేశాక తెలిసింది. వెనక్కి తీసుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

దాని చేతిలో దుప్పటి ఆగింది. దాన్ని బకెట్లో వదిలేసి, లోపలికి వెళ్ళి, హోల్డర్‌కి బిగించిన బల్బూ రెండు వైర్లూ తెచ్చింది. ఒక వైరు వసారా ప్లగ్గులో కరెంటు వచ్చే కన్నంలో పెట్టింది, రెండోది కడ్డీకి ఆనించింది. బల్బు భగ్గున వెలిగింది. కడ్డీ నుంచి నా గదికి పోయే తీగని కూడా అలాగే చూసింది. వెలిగింది.

"ఎర్త్ బాగుంది," అంది. "అయినా నీకు నమ్మకం లేదుగా. పైకి పద. లోపం నా వైపు ఉంటే నెలాఖరుకి ఈ ఇల్లు ఖాళీ చేసిపోతా. అమ్మ నన్ను కనలేదనే అనుకో. లోపం నీ చుట్టులో ఉంటే నువ్వు ఒప్పుకోవాలి."

"ఒప్పుకోవడానికి ఏముండదులే. సామాన్లు సర్దుకో."

పందొమ్మిదేళ్ళలో అది నా గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. కుర్చీ చూపించలేదు. అది అడగనూ లేదు. కొంగు ముడి విప్పి చిన్న దిక్సూచి తీసింది. ఫ్యాక్టరీలో పోల్స్ చూసే దిక్సూచి. ఇంకా దాచుకుంది చూడండి! నా టార్చిలోంచి బ్యాటరీలు లాగి, కాయిల్ రెండు కొసలకీ కలిపింది. దిక్సూచిని గొట్టం అడుగున పెట్టింది. ముల్లు ఎర్రటి కొన కాయిల్ వైపు తిరిగింది.

"ఇలా ఉంటే పైన ఏమవ్వాలి?"

"తెల్ల కొన తిరగాలి," అన్నాను. "ఒకే దిక్కున చుట్టిన కాయిల్‌కి కింద ఒక ధ్రువం, పైన ఇంకోటి. నాకు పాఠాలు చెప్పకు."

అది దిక్సూచిని నెమ్మదిగా పైకి తీసుకెళ్ళింది. పై కొస దగ్గర మళ్ళీ ఎర్ర కొనే కాయిల్ వైపు తిరిగింది. దిక్సూచి లాక్కుని నేనే పెట్టి చూశాను. కింద ఎర్రది. పైన ఎర్రది. నడిమధ్యకి తెచ్చేసరికి, నేను టేపు వేసిన చోట, తెల్ల కొన తిరిగింది.

టేపు ఊడదీశాను. దాని కింద తీగ తలపిన్నులా వెనక్కి వంగి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు సగం పూర్తయ్యాక టేపు వేసి, గొట్టాన్ని అటుది ఇటు తిప్పి స్టాండుకి పెట్టాను. పోల్ అయిపోగానే టేపు వేసి అచ్చు తిరగెయ్యడం ఇరవై రెండేళ్ళ అలవాటు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది, నన్ను అడగలేదు. కింది సగం ఎంత ఇస్తే పై సగం అంత తినేసింది. మెరుపెక్కడినుంచి వస్తుంది?

అది అక్కడితో ఆగలేదు. నిలబడ్డ చోటే నిలబడి నెమ్మదిగా అడిగింది.

"ఆ రోజు స్టేటర్ చుడుతున్నప్పుడు మధ్యలో లేచావా?"

లేచాను. రెండో పోల్ పూర్తయ్యాక సూపర్‌వైజర్ పోస్టుకి దరఖాస్తు ఇవ్వడానికి ఆఫీసు గదికి వెళ్ళాను. తిరిగొచ్చి, అచ్చు తిరగేశానో లేదో గుర్తులేక ఇంకోసారి తిరగేశాను, దాంతో మూడో పోల్ కూడా రెండోదాని దిక్కునే పడింది. అంత చిన్న సంగతి. పందొమ్మిదేళ్ళు ఆ సంగతి వైపే చూడకుండా బతికాను. సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా, కనిపెట్టింది అదే అయినందుకు ఒళ్ళు మండింది.

"నీ ముఖమే చెబుతోందిలే," అంది. దిక్సూచి తీసుకుని కొంగున ముడేసుకుని దిగిపోయింది.

కాయిల్ మొత్తం విప్పాను. కొత్త తీగతో మళ్ళీ చుట్టాను, ఈసారి ఏకబిగిన, లేవకుండా, తిండి కూడా తినకుండా. సాయంత్రానికి స్విచ్ వేస్తే గిన్నె అంచునుంచి వేలెడంత ఊదా మెరుపు చిటచిటమని లేచింది. పక్కన ట్యూబ్‌లైటు ఏ తీగా లేకుండా తెల్లగా వెలిగింది. ఇరవై రెండేళ్ళ చేతికి తగ్గ మెరుపే. కింద వినపడే ఉంటుంది. చీపురుకర్ర మాత్రం కదల్లేదు.

స్విచ్ ఆపేసి డబ్బా తెరిచి ఆ చీటీ తీశాను. నోటితో చెప్పడం నా వల్ల కాదు, ఆ సంగతి నాకు తెలుసు. గీత మీద సంతకం చేశాను. దిగివెళ్ళి దాని తలుపు కింద నుంచి లోపలికి తోశాను. అప్పుడు కనిపించాయి, వసారాలో తాళ్ళతో కట్టిన రెండు అట్టపెట్టెలు. గెలిచి కూడా సర్దుకుంది, పెరట్లో నేనన్న ఆ చివరి మాటకి.

తర్వాత గొళ్ళెం తీసి తలుపు నాలుగు వేళ్ళ మేర తెరిచింది. చీటీ బయటికొచ్చింది.

"తేదీ వెయ్యలేదు. తేదీ లేని సంతకం టెస్టింగ్‌లో చెల్లదు."

"ఏ తేదీ వెయ్యమంటావే? అప్పటిదా?"

"ఇవాళ్టిది. ఇవాళేగా ఒప్పుకుంది."

"పెన్ను పైన ఉండిపోయింది."

సందులోంచి పెన్ను వచ్చింది. దాని వెనకే మాట కూడా.

"ఆ పెట్టెల మీద పెట్టుకుని రాయకు, నలుగుతాయి. లోపలికొచ్చి బల్ల మీద రాసి, పెన్ను ఇచ్చి పో."