సాలగ్రామానికి పర్మిట్

షార్జా ఎడారిలో పిక్నిక్‌కి వెళ్లినప్పుడు వేణుగోపాలరావుకి గుండ్రంగా చుట్టలు తిరిగిన రాయి ఒకటి కనబడింది.

"శిలాజంలా ఉందండీ. పర్మిట్ లేకుండా తియ్యకూడదు, పురావస్తు ఆఫీసు వాళ్లకి చెబుదాం" అంది భార్య చాముండేశ్వరి.

"సాలగ్రామమే నన్ను వెతుక్కుంటూ వస్తే పర్మిట్ ఏవిటే!" అంటూ ఆయన దాన్ని పెకలించి ఇంటికి తెచ్చాడు. పాలతో కడిగి, పసుపు పూసి, దేవుడి గూట్లో పెట్టాడు.

రెండ్రోజులకి తన ఆఫీసులో ముదీర్, అంటే మేనేజరు, చెప్పాడట, ఇలాంటివి అప్పగిస్తే మ్యూజియంలో మన పేరు రాసి పెడతారని. అంతటితో ఆయన భక్తి ఖలాస్! మర్నాడే సెలవు పెట్టి, భార్యను వెంటబెట్టుకుని పురావస్తు కార్యాలయానికి వెళ్లాడు.

అధికారి రాయిమీది పసుపును గోటితో గీకి చూశాడు.

"ఎక్కడ దొరికింది?"

"రోడ్డు దిగాక కుడివైపు సార్. పక్కన ఒంటెలున్నాయి."

"అవి ఇంకా అక్కడే నిలబడి ఉంటాయా? చోటు తెలియని రాయిని మ్యూజియంలో పెట్టలేం."

"మరి నా పేరు?"

అనుమతి లేకుండా తీశానని ఒప్పుకునే కాగితాన్ని అధికారి ముందుకు తోశాడు. "ఇక్కడ రాయండి."

వేణుగోపాలరావు ఇంటిపేరుతో సహా రాసి, పక్కన ఎం.టెక్. అని చేర్చి, కింద గీత కూడా గీశాడు. చాముండేశ్వరికి నవ్వు కూడా రాలేదు.