స్లాబు దిగిన ఇల్లు

పొద్దున చాయ్ దించాక అనసూర్య చేసే మొదటి పని, గరిటె పట్టుకుని చెయ్యి పైకి చాపడం. నస్పూర్ కాలనీలోని ఆ బొగ్గు కంపెనీ క్వార్టర్లో స్లాబు ఎత్తు పది అడుగులు. భర్త ఎల్లేశం ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినప్పటి నుంచి మాత్రం అది ఆయన నొప్పిని బట్టి రోజుకో తీరుగా ఉంటోంది. గరిటె కొస తగలకపోతే ఆయన నిద్రపోయాడని లెక్క. తగిలితే సగం నిద్ర. గరిటె లేకుండా ఉత్త చెయ్యే తగిలిందంటే, తెల్లవార్లూ పళ్లు బిగబట్టి కూర్చున్నాడని, అడిగితే ఏం లేదంటాడని ఆమెకు తెలిసిపోయేది.

ఆ ఇంటికి వచ్చేవాళ్లకు వంగి నడవడం అలవాటైంది. పాలు పోసే చంద్రవ్వ గడప దాటగానే నెత్తి మీద చెయ్యి పెట్టుకునేది. ఫ్యాను విప్పి మూలన పెట్టారు. ఎక్కువ తిప్పలు మాత్రం పై ఇంట్లో ఉండే బాలలక్ష్మివి. కింద స్లాబు దిగితే పైన వాళ్ల గచ్చు గుంట పడుతుంది. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుంది, బిందెలన్నీ గోడ వారకు జరుపుకుంది. అయినా అప్పుడప్పుడూ మెట్ల మీద నిలబడి అడిగేది.

"అక్కా, అన్నకు ఇయ్యాల ఎక్కువున్నదా? మా పోరల బంతి మల్ల నడింట్లకే దొర్లవట్టె."

"జరంత ఉన్నట్టుందే."

"మా బంతిదేమున్నది గని, గోలీ ఏసుకొమ్మనరాదు."

ఆ గోలీ దగ్గరే అసలు పంచాయితీ.

ఎల్లేశం ముప్పై ఏళ్లుగా బొగ్గు బావిలో టింబర్‌మన్. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం ఆయన పని. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలితే, హైదరాబాద్‌లో ఛాతీ పక్కన కోసి ఊపిరితిత్తి పైభాగం తీసేశారు. గడ్డ మొత్తం వచ్చిందన్నారు. పక్కటెముకల మధ్య కోత గనుక కొన్ని వారాలు నొప్పి గట్టిగానే ఉంటుంది, ఈ మార్ఫిన్ గోలీలు వేళకు వేసుకో, నిండా ఊపిరి పీల్చు, దగ్గు, నడువు అని చెప్పి పంపారు. ఆయన అన్నింటికీ తలూపాడు. ఇంటికొచ్చిన మూడో రోజు నుంచి గోలీని చెంపన దాచి పెరట్లో ఉమ్మేయడం మొదలుపెట్టాడు.

స్లాబు దిగుతుంటే ఆయన కంగారు పడలేదు. తనకొచ్చిన పనే చేశాడు. బాలలక్ష్మి మొగుడు సాంబయ్యను పిలిచి, మూడు కర్రలు కొలిచి కోయించి, మంచం చుట్టూ స్లాబు కింద నిలబెట్టించి, పైన సందుల్లో చెక్క ముక్కలు కొట్టించాడు. నొప్పి పెరిగినప్పుడల్లా ఆ కర్రలు కిర్రుమనేవి. ఎల్లేశం కళ్లు మూసుకుని, సగం సగం ఊపిరి తీస్తూ, ఆ చప్పుడు వినేవాడు.

అనసూర్యకు రెండు భయాలు. గోలీ వేసుకోకపోతే ఏమవుతుందోనని ఒకటి. వేసుకుంటే ఏమవుతుందోనని ఇంకొకటి. అది నల్లమందు జాతిది, ఒకసారి పట్టిందంటే వదలదని మందుల షాపు దగ్గర ఎవరో అన్నారు. అందుకే పెరట్లో తెల్లటి గోలీలు కనబడినప్పుడు కూడా ఆమె గట్టిగా అడగలేకపోయింది. అడగనందుకు మనసు పీకేది. కూతురి పాత నోటుబుక్కులో వేళలు రాసుకుంటూ, మింగని గోలీకి సున్నా చుట్టి పెట్టేది.

పదో రోజు ఆయన ఒళ్లు కాలిపోయింది. జిల్లా ఆస్పత్రి నుంచి ఇళ్లకు వచ్చి చూసే నర్సు వందనకు అనసూర్య ఫోన్ చేసింది. వందన స్కూటీ దిగి, గడపలోనే నడుము వంచి, ఏ వింతా లేనట్టు లోపలికి నడిచింది. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. డాక్టరుకు ఫోన్ చేసి జ్వరానికి మందు రాయించింది. తర్వాత అనసూర్యను వరండాలోకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పింది. నొప్పికి భయపడి ఊపిరి పీల్చట్లేదు. మిగిలిన ఊపిరితిత్తి అడుగున గాలి ఆడట్లేదు, కఫం పేరుకుంటోంది. ఇలాగే పోతే క్యాన్సర్ కాదు, ఈ నొప్పే మనిషిని తీసుకుపోతుంది.

మళ్లీ లోపలికొచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"కాకా, నొప్పి పదికి ఎంతున్నది?"

"ఏం లేదు బిడ్డా. రెండుంటదేమో."

కర్రలు కిర్రుమని వంగి, స్లాబు ఇంకో జానెడు దిగి వందన కొప్పుకు తగిలింది. ఆమె మంచం మీంచి జారి కింద చాప మీద సర్దుకుంది.

"నీ నోరు రెండంటుంది, స్లాబు తొమ్మిదంటుంది. నేను స్లాబు మాటనే రాసుకుంట."

ఎల్లేశం నవ్వబోయి డొక్క పట్టుకున్నాడు. కాసేపటికి, ఇన్నాళ్లూ పెళ్లానికి కూడా చెప్పని మాట చెప్పాడు.

"బాయిల కర్ర మాట్లాడుతది బిడ్డా. కప్పు కదిలేటప్పుడు ముందుగాల అదే కిర్రుమంటది. గా చప్పుడు ఇనే మేం బయటవడ్డం. నొప్పి సుత గసొంటిదే. గోలీ ఏసుకొని గా చప్పుడు బంద్ చేస్తె, రోగం మల్ల వచ్చేది నాకెట్ల తెలుస్తది?"

 అది మొండితనం అనుకుంది అనసూర్య ఇన్నాళ్లూ. ఆయన మంచంలో పడుకుని కూడా కాపలా డ్యూటీ చేస్తున్నాడు.

వందన నవ్వలేదు, కసరలేదు. "చప్పుడు ఇన్నంక ఏం చేసేటోనివి కాకా? ఇనుకుంట కూసుండేటోనివా?"

"ఎట్ల కూసుంట? ఇంకో కర్ర పెట్టేటోన్ని."

"గీ గోలీ గా కర్రనే. రోగం మల్ల వచ్చిందా లేదా చూసుడు డాక్టర్ల పని, ఆర్నెల్లకోపారి పిలిచి చూస్తరు. ఊపిరి పీల్చుడు నీ పని. గా పని ఇప్పుడు అయితలేదు."

ఆయన మూడు కర్రల వంకా ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. తర్వాత అరచెయ్యి చాపాడు.

అరగంట గడిచాక పై ఇంట్లో బిందె జరిగిన చప్పుడైంది. ఇంకాసేపటికి కర్రలు వదులై పక్కకు ఒరిగితే సాంబయ్య వచ్చి పట్టుకున్నాడు. ఎల్లేశం దిండు ఛాతీకి అదుముకుని గట్టిగా దగ్గాడు. ఊపిరి కసరత్తుకు ఆస్పత్రిలో ఇచ్చిన మూడు బంతుల ప్లాస్టిక్ గొట్టం నోట పెట్టుకుని పీలిస్తే మొదటి బంతి లేచింది. మరో ఐదు రోజులకు జ్వరం దిగింది, రెండో బంతి లేచింది.

వందన రెండు రోజులకోసారి వచ్చేది. టేపుతో స్లాబు ఎత్తు కొలిచి, డాక్టరుకు చెప్పి, గోలీ ఎంత వేయాలో డాక్టరు చెప్పినట్టు రాసిచ్చేది. మలబద్ధకం రాకుండా పొడి ముందే ఇచ్చింది. మత్తుగా ఉంటున్నాడా, మాట తడబడుతోందా అని ప్రతిసారీ అడిగేది. అలవాటు పడతాడేమోనని అనసూర్య అడిగితే, వందన అదంతా ఉత్తిదే అని కొట్టిపారేయలేదు. కొందరికి అవుతుందక్కా, అందుకే కొలుస్తున్న, అందుకే నెమ్మదిగా తగ్గిస్తం అంది. ఆ మాటతో అనసూర్యకు ఆ పిల్ల మీద గురి కుదిరింది. భయం లేదని చెప్పేవాళ్లను ఆమె ఏనాడూ నమ్మలేదు.

మూడో నెలలో గోలీలు సగానికి వచ్చాయి. ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎల్లేశం ఛాతీలో గుంజుతోందని, ఇంకో గోలీ ఇవ్వమని అడిగాడు. అనసూర్య గోలీల డబ్బా తాళం తీసింది. తల మాత్రం ఎత్తలేదు. ఎత్తితే ఆయన సిగ్గుపడతాడు. స్లాబు పది అడుగుల ఎత్తున, కదలకుండా ఉందని ఎత్తకుండానే ఆమెకు తెలుసు. ఇస్తే ఒక తప్పు. ఇవ్వకుండా ఆయన నిజంగానే బాధపడుతుంటే ఇంకా పెద్ద తప్పు. ఆమె చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

చివరికి ఆయనే తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నొప్పి గాదు అనసూర్యా. గోలీ ఏసుకుంటె బుగులు సుత పోతది."

ఆమె డబ్బా మూసి పక్కన కూర్చుంది. సాయంత్రం ఇద్దరూ కలిసే వందనకు ఫోన్ చేసి చెప్పారు. వందన కోప్పడలేదు. డాక్టరుతో మాట్లాడి, తగ్గించడాన్ని ఇంకా నిదానం చేసింది. బుగులుకు, ఆ లోపలి భయానికి, వేరే డాక్టరు ఉన్నాడని, రోజూ నడక మానొద్దని చెప్పింది. ఎల్లేశం ఫోన్‌లోనే ఆమెకు తన పని సంగతి చెప్పాడు. బొగ్గంతా తీశాక కర్రలు గుంజేస్తారు. నిలబెట్టేటప్పటి కంటే గుంజేటప్పుడే ఎక్కువ భయం. అందుకే వెనక నుంచి ఒక్కొక్కటే తీసి, ఆగి, విని, అప్పుడు ఇంకోదాని మీద చెయ్యి వేస్తారు. ఇక గోలీ తగ్గించిన ప్రతిసారీ ఆయన గది మధ్యలో నిలబడి కాసేపు చెవి పెట్టేవాడు. ఆ కాసేపూ పైన బాలలక్ష్మి పిల్లలను అడుగు తీయనిచ్చేది కాదు. ఆరు వారాల్లో గోలీలు ఆగిపోయాయి. స్లాబు రెండు రోజులు వేలెడు దిగి, తిరిగి తన ఎత్తుకు పోయింది. ఫ్యాను మళ్లీ బిగించుకున్నారు.

కంపెనీ ఆయనకు కిందికి దిగే పని లేకుండా బావి మీదే, దీపాలు అందించే లాంపు రూములో తేలిక పని ఇచ్చింది. ఆర్నెల్లకోసారి హైదరాబాద్ పోయి చూపించుకుంటూ మూడేళ్లు దాటాయి. నాలుగో ఏడు, సుల్తానాబాద్‌లో కూతురు వనిత ఇంట్లో వారం ఉండి, మొగుడూ పెళ్లాలు అటు నుంచి అటే హైదరాబాద్ వెళ్లారు. ఆ విడత ఎక్స్‌రే ఒక్కటే. అందులో ఏమీ కనిపించలేదు. డాక్టరు ఫైలులో రాసుకుంటూనే, ఇబ్బంది ఏమైనా ఉందా అని అడిగాడు. ఏం లేదు సారు అనే మాట కోసం ఎదురుచూస్తూ అనసూర్య చేతిసంచి భుజాన వేసుకుంది.

ఎల్లేశం పైకి చూశాడు. ఆస్పత్రి గది కప్పుకు తెల్లటి పలకలు. అవి ఎవరి కోసమూ దిగవు.

"ఉన్నది సారు. కుడి దిక్కు, రెక్క కింద. నాలుగొద్దులాయె. పదికి రెండు."

డాక్టరు ఫైలు పక్కన పెట్టి స్కానుకు రాశాడు.

స్కాను గది బయట బల్ల మీద కూర్చున్నాక, నాలుగు రోజులుగా తనకెందుకు చెప్పలేదని అనసూర్య అడిగింది. 

"ఇంట్ల ఉంటె నీకు తెలుస్తుండె," అన్నాడాయన. "ఈడ తెల్వదు గద. గందుకే చెప్పిన."

కుడి ఊపిరితిత్తి అంచున, పక్కటెముకకు ఆనుకుని, కందిగింజంత మచ్చ దొరికింది. ఐదు విడతలు రేడియేషన్ కరెంటు పెట్టారు. నాలుగు నెలల తర్వాత తీసిన ఫోటోలో అది కనపడలేదు. ఆ రోజు ఆయన ఏం లేదని ఉంటే, మరో ఆర్నెల్ల దాకా అక్కడ ఎవరూ వెతికేవాళ్లు కాదట.