ఎర్ర మోటారుకు మూడు పొద్దుల మాట

ఎద్దును కొన్నా బర్రెను కొన్నా మా ఇండ్లల్లో మూడు పొద్దుల మాట ఉంటుంది. అమ్మేవాడూ కొనేవాడూ మల్లన్న దేవుని బండారు, అంటే పసుపు, చేతిలో పట్టుకొని మాట ఇచ్చుకుంటారు. మూడోనాటి పొద్దు గూకేలోపు ఆ పశువులో దాచిన లోపం బయటపడితే అమ్మినవాడు మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకోవాలి. ఆ మూడు రోజులు దానితో ఏమేం చేయించాడో కొన్నవాడు కూడా దాచకుండా చెప్పాలి. మా నాయిన అట్లనే కొన్నాడు. ఆయన నాయిన అట్లనే కొన్నాడు. మోటారు కారును అట్ల కొనబోయింది మాత్రం మా వంశంలో నేనొక్కణ్ణే.

కృష్ణ మీద నందికొండ ఆనకట్ట సగానికి పైగా లేచిన ఏడాది అది. నా భార్య బీరమ్మ తమ్ముడు సైదులు అక్కడ రాళ్ళ లారీ నడిపేవాడు. శేషాచలం గారని బెజవాడ దిక్కు కంట్రాక్టరు ఒకాయన దగ్గర విదేశాల నుంచి తెప్పించిన ఎర్ర కారు ఉండేది. పైకప్పు లేదు. రెండే కుర్చీలు. నేల మీద పొట్ట ఆనినట్టు ఉండేది. అది కట్ట పనివాళ్ళ కాలనీ మలుపు తిరిగితే, ఆ చప్పుడుకు మేస్తున్న మా గొర్రెలూ మేకలూ, జీవాలన్నీ ఒక్కసారి తలలెత్తేవి. ఆయన పని అయిపోయి వేరే ప్రాజెక్టుకు పోతూ దాన్ని అమ్ముతాడని తెలిసిన నాటి నుంచి సైదులుకు అన్నం సయించలేదు.

"బావా, ఆదివారం కట్ట చూడొచ్చేటోళ్ళు ఎంతమంది, నువ్వు చూస్తలేవా? బస్సు కాడి నుంచి కట్ట దాక గీ ఎర్రదాంట్ల తిప్పితే మనిషికి రూపాయి ఇయ్యరా?"

"రెండే కుర్చీలున్నయి కదరా," అంది బీరమ్మ. "ఒకదాంట్ల నువ్వు కూసుంటవు. మొగడు ఎక్కితే పెండ్లాం ఎనక ఉరుకుతదా?"

"ఒకలెనక ఒకలు ఎక్కుతరు. రెండు రూపాయలు."

"మరి పిల్లలో?"

"అక్కా, నువ్వు జర ఊకో."

ఆయన అడిగిన ధర మా నలభై జీవాల ధర. మాకున్నవి అరవై. మిగిలిన ఇరవైతో ఇల్లు గడవదు, మంద మళ్ళీ పెరగాలంటే ఏండ్లు పడుతుంది. బీరమ్మ ఆ మాట ఒక్కసారే అంది, దొడ్డి తడిక కట్టుకుంటూ, నా ముఖం చూడకుండా. నాకు తెలియక కాదు. కాని నిజం చెప్పాలి. ఆ బండిని చూస్తే నాకు కూడా గుండె ఎగిరేది.

మంగళవారం పొద్దున మల్లన్నకు దండం పెట్టుకొని, బండారు పొట్లం మొలలో పెట్టుకొని సైదులుతో పోయాను. శేషాచలం గారు అరుగు మీద కాఫీ తాగుతున్నారు. నేను బండి చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఎద్దుకైతే పండ్లు చూస్తాం, ఒంటి మీది సుడులు చూస్తాం. దీనికి మూత ఎత్తించి లోపలికి చూశాను. ఏమీ అర్థం కాలేదు. వీపు మీద చెయ్యి వేసి నొక్కితే వంగి లేచింది. అది మంచిదో చెడ్డదో తెలియలేదు.

"ఏమయ్యా మల్లప్పా, పాలిస్తుందేమోనని చూస్తున్నావా?" అన్నారాయన.

"పూచీ ఏంది సార్ దీనికి?"

"కంపెనీవాళ్ళు ఏడాది పూచీ ఇచ్చారు. ఏడాదిలోపు ఏది పోయినా భారం వాళ్ళది. అది తీరిపోయి పది నెలలు దాటింది. ఇప్పుడు దీనికి పూచీ ఎవరూ లేరు."

"మీరున్నరు కద సార్," అన్నాను.

ఆయన కప్పు దించి నన్ను చూశారు. మా మూడు పొద్దుల మాట సంగతి చెప్పాను. పకపకా నవ్వారు. నవ్వుతూనే చెయ్యి చాపారు. ఆయన అరచేతిలో పసుపు పోసి, నా చేతిలో పోసుకున్నాను. గురువారం పొద్దు గూకేలోపు లోపం బయటపడితే బండి ఆయనది, జీవాలు నావి. బయటపడకపోతే, అదే సాయంత్రం పట్నం నుంచి వచ్చే జీవాల బేరగాడు నలభైటిని లారీ ఎక్కించుకొని పైకం ఆయనకు కడతాడు. ఇనుముకు బండారు పని చేస్తుందా అని అప్పుడే అనుమానం వచ్చింది. చెట్టుకూ పుట్టకూ పనిచేసేది ఇనుముకు ఎందుకు చెయ్యదు అనుకున్నాను.

ఆ మొదటి రోజు గురించి ఎంత చెప్పినా తక్కువే. సైదులు తొక్కితే అది ఉరికింది కాదు, ఎగిరింది. హాలియా ఊరికి పోయే తోవలో నా తలరుమాలు లేచిపోయి తంగెడు చెట్టుకు చిక్కింది. ఆగుదామని నేను అనలేదు. కండ్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు మూతపడడం లేదు. యాభై ఏండ్ల మనిషిని, మనుమలున్నవాణ్ణి. మైలురాళ్ళు లెక్కపెడదామనుకుంటే ఒకటి చూసేలోపు ఇంకొకటి వచ్చింది.

"బావా, ఇంకా తొక్కాల్నా?"

"తొక్కు," అన్నాను.

రెండో రోజు నా తప్పు. ఎవరి మీదా పెట్టను. ఎద్దును కొంటే మేము వాగు ఇసుకలో బరువు బండి కట్టి లాగిస్తాం. లాగితే మనది, కూలబడితే వాళ్ళది. మూడు రోజులు షోకుగా తిరిగి బండి బాగుంది అంటే దేవుడు ఒప్పుకుంటాడా? పరీక్ష పరీక్షే. ఆరు బస్తాల జొన్నలు వేసిన ఎడ్లబండిని మోకుతో ఎర్ర మోటారు వెనక కట్టించాను.

"బావా, గిది లారీ కాదు," అన్నాడు సైదులు.

"నలభై జీవాలు తిని ఆరు బస్తాలు లాగదా?"

వాగు గట్టున ఊరు ఊరంతా నిలబడ్డది. సైదులు గేరు వేశాడు. మోటారు గర్జించింది. చక్రాలు ఇసుకను మా ముఖాల మీద కొట్టాయి. ఎడ్లబండి జానెడు కదిలింది. జనం అరిచారు. నేను కూడా అరిచాను. మూరెడు కదిలింది. అప్పుడు లోపల ఎక్కడో ఎముక విరిగినట్టు చప్పుడు. మోటారు ఇంకా మోగుతూనే ఉంది గాని చక్రాలు తిరగలేదు.

జనం ఒక్కొక్కరు జారుకున్నారు. ఎడ్లబండికి ఎర్ర మోటారును కట్టి, మా ఎడ్లతో కాలనీ గేటు దాకా లాగించుకొని పోయాం. తోవలో ఎదురొచ్చినవాళ్ళు అన్న మాటలు ఇక్కడ రాయను.

గేటు బయట రేకుల షెడ్డులో యోహాను లేతు మిషను మీద పని చేస్తాడు. అతని తండ్రి మా ఊరి భూముల్లో పాలేరుగా జీతం ఉన్నవాడు. యోహాను కట్ట పనిలో చేరి, ఇనుము చెక్కడం నేర్చి, ఇప్పుడు పెద్ద పెద్ద ఇంజనీర్లు పేరు పెట్టి పిలిచే మనిషి అయ్యాడు. బండి కింద దూరి, వెనక చక్రం ఊడదీసి, చక్రాన్ని తిప్పే ఇనుప కడ్డీని బయటికి లాగాడు. రెండు ముక్కలు.

"మల్లప్పన్నా, గిటు రా. గీ ఇరిగిన జాగ చూడు."

చూశాను. సగం కొత్త వెండి లెక్క మెరుస్తోంది. మిగతా సగం నల్లగా, తుప్పుతో ఉంది. చుట్టూ ఉబ్బెత్తుగా అతుకు.

"గీ నల్ల సగం ఇయ్యాల ఇరిగింది కాదు. ఎప్పుడో ఇరిగితే ఎవడో వెల్డింగు కొట్టి పెట్టిండు. నువ్వు బస్తాలు కట్టకున్నా ఇంకో నెలకో రెండు నెలలకో పోయేదే. మంచిగ ఉరుకుతున్నప్పుడు పోయేది. అప్పుడు లోపలున్నోళ్ళ గతేంది?"

ముందటి రోజు హాలియా తోవలో తొక్కు అన్నది నేనే.

"కొత్తది దొరుకుతదా?"

"కంపెనీకి రాస్తే ఓడల రావాలె. ఆరు నెలలు. ధర అడగకు, నీకు నిద్ర పట్టదు. నేను పాత లారీ ఇరుసు చెక్కి చేస్తా. రేపు మధ్యాహ్నం దాక టైమియ్యి."

గురువారం మధ్యాహ్నం దాటి పొద్దు వాలే దాకా నేను ఆ షెడ్డులోనే కూర్చున్నాను. లేతు మీద ఇనుము పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే కండ్లు తిప్పుకోలేకపోయాను. కడ్డీ కొసకు రంపానికున్నట్టు పండ్లు కోసి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి తీశాడు. ఎక్కించాడు. సరిగ్గా కూర్చుంది. సైదులు గేరు వేశాడు, బండి షెడ్డులోంచి బాణం లెక్క బయటపడింది.

"ఇది ఇరగదు," అన్నాడు యోహాను, చేతులు తుడుచుకుంటూ. "కాని అన్నా, ఒక మాట. ఇన్ని రోజులు గీ కడ్డీ బలహీనం కాబట్టి దెబ్బ దీని మీద పడింది. ఇగ దీని పక్కన ఏది బలహీనముంటే దాని మీద పడుతది. అదేందో నాకు తెల్వదు. చేసినోనికే తెలువాలె."

విరిగిన ముక్కలు గొంగడిలో చుట్టుకొని బండి ఎక్కాను. పొద్దు ఇంకా రెండు బారలుంది. ఆ రోజు ఉరికినట్టు అది మొదటి రోజు కూడా ఉరకలేదు. కృష్ణ మీది గాలి ఎదురుగా కొడుతోంది. మోటారు మోత సన్నగా, ఏకధారగా ఉంది. శేషాచలం గారి ఇల్లు కనబడగానే సైదులు మెల్లగా అన్నాడు.

"బావా, మంచిగయ్యింది కద. సారు గేటుల మలపకుండ గిట్లనే దేవరకొండ తోవ పట్టనా? పొద్దు గూకితే బండి మనదే. నువ్వు ఊ అను చాలు."

ఆ ఊ నోటిదాకా వచ్చింది. ఒడిలో గొంగడి మూట బరువుగా ఉంది. "మలుపు," అన్నాను చివరికి.

శేషాచలం గారు ఆ చప్పుడుకే బయటికి వచ్చారు. "బ్రహ్మాండంగా నడుస్తోందే! ఇంకేం కావాలయ్యా?"

బండారు పట్టినవాణ్ణి, ముందు నా సంగతి చెప్పాలి. ఇసుక, ఆరు బస్తాలు, మోకు, అన్నీ చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఆ బండికి జొన్నబస్తాలు కట్టావా? నీకు మతి ఉందా?"

"తప్పయింది సార్. నా వంతు చెప్పిన." గొంగడి విప్పి నల్ల సగం పైకి వచ్చేటట్టు ముక్కను అరుగు మీద పెట్టాను.

ఆయన దాన్ని తిప్పి చూశారు. కుర్చీలో కూర్చున్నారు.

"కంపెనీ ఏడాది తీరిన పదో రోజున విరిగిందయ్యా. పది రోజులు. ఉత్తరం రాస్తే మర్యాదగా జవాబిచ్చారు, గడువు దాటింది చింతిస్తున్నాం అని. వాళ్ళు చెప్పిన ధరకి ఇంకో బండి సగం వస్తుంది. అతికించేశాను." ముక్కను నా దిక్కు నెట్టారు. "ఇప్పుడు కడ్డీ బాగుందిగా. పది జీవాలు తగ్గించుకో. ముప్పయ్యికే ఉంచుకో."

సైదులు నా భుజం పట్టుకున్నాడు. ముప్పై. అరవైలో సగం మిగులుతుంది. నా గుండె మళ్ళీ హాలియా తోవ పట్టింది. ఇది దేవుడు ఇచ్చిన దారా, నా ఆశ తీసిన దారా? ఎట్ల తెలుసుకోవాలి? అడగడం ఒక్కటే నాకు తెలిసిన ఉపాయం.

"సార్, మీరు కూడా బండారు పట్టిన్రు కాబట్టి అడుగుతున్న. ఇంకా ఏమేమి అతికిచ్చిన్రు?"

ఆయన నవ్వారు. ఈసారి నవ్వు వేరు. చాలా రోజులుగా ఎవరికైనా చెప్పుకోవాలని ఉన్న మనిషి లెక్క లేచి బండి దగ్గరికి వచ్చారు.

"మూడో గేరు జారిపోతుంది. ఓ చెయ్యి దాని మీదే పెట్టుకోవాలి. పెట్రోలు టాంకీకి చిల్లుంది, సబ్బు పూశాను. వాన పడితే దీపాలు వాటంతట అవే వెలుగుతాయి. ఆరినాక వెలగవు. ఇవిగో, ఈ రెండు కార్బురేటర్లు, ఇంజనుకి పెట్రోలు అందించేవి. ఇద్దరు అన్నదమ్ములనుకో. సాయంత్రం రాజీ చేస్తే పొద్దున్నే వేరు పడతారు. నీళ్ళ పంపు మూడు నెలలకోసారి..."

ఆయన చెప్పుకుంటూ పోతున్నారు, కండ్లు మెరుస్తున్నాయి. ఒక్కొక్క లోపానికి నేను మనసులో ఐదారేసి జీవాలను దొడ్డి దాటించాను. నీళ్ళ పంపు దగ్గరికి వచ్చేసరికి మిగిలిన ముప్పై కూడా అయిపోయినట్టుంది. సైదులు చెయ్యి నా భుజం మీది నుంచి జారింది.

"చాలు సార్," అన్నాను. "బండి మీది. జీవాలు నావి."

"నాదే," అన్నారాయన. బాధపడ్డట్టు లేదు. యోహాను కూలి తానిస్తానన్నారు. ఇసుకలోకి తోలింది నేను కాబట్టి సగం నాది అన్నాను. ఒప్పుకున్నారు. "చీకటి పడేలోపు మీ బావని దింపి తెచ్చెయ్యి," అని తాళంచెవి సైదులు చేతిలోనే పెట్టారు.

మేము పోయేసరికి బేరగాని లారీ మా దొడ్డి ముందర ఆగి ఉంది. బేరం లేదంటే వాడు నన్ను, నా కులాన్ని, నందికొండ కట్టను కలిపి తిట్టి లారీ తిప్పుకున్నాడు. బీరమ్మ తడిక పట్టుకొని నిలబడి ఉంది. లోపల అరవై తలలు.

"ఇచ్చేసి వచ్చిన," అన్నాను.

ఆమె తడిక మూసి కట్టింది. కొంగుతో చేతులు తుడుచుకొని ఎర్ర మోటారు దగ్గరికి పోయి, రెండు రోజులుగా తాను దిక్కు కూడా చూడని ఆ బండి మీద చెయ్యి వేసి నిమిరింది.

"తమ్మీ, ఎట్ల ఎక్కాలె దీన్ని?"

"నువ్వు ఎక్కుతవా అక్కా?" అన్నాడు సైదులు, ఏడుపుముఖంతోనే.

"ఇంట్ల ఉండదని తెల్సింది కద, ఇప్పుడు నాకేం భయం? హాలియా దాక పోనియ్యి."

నాకు కుర్చీ లేదు. దుమ్ము అణిగే దాకా తోవలో నిలబడ్డాను. చాలా దూరం నుంచి, మోటారు మోతను మించి, ఆమె నవ్వు వినిపించింది. ముప్పై ఏండ్ల కాపురంలో ఆమె అట్ల నవ్వగా నేను వినలేదు.