మబ్బోళ్ల సత్తయ్య

లాలాపేట సత్తయ్య యూనివర్సిటీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పుస్తకాలు అందించిన మనిషి. లాలాపేట అన్నది ఆయన పుట్టిన చోటే గానీ వంశం పేరు కాదు. ఆయన తండ్రి వెంకటేశం నాలుగేళ్ల పిల్లగాడిగా ఉన్నప్పుడు అక్కడి రైలుకట్ట పక్కన ఒంటరిగా దొరికితే, బొగ్గు ఏరుకునే లచ్చవ్వ ఎత్తుకొచ్చి సాకింది. బడిలో చేర్చేటప్పుడు ఇంటిపేరు అడిగితే ఆమెకేం తోచలేదు. ఉన్న చోటి పేరే రాయించింది.

వెంకటేశం బతికినన్నాళ్లూ ఆ ఊసెత్తలేదు. పోయేముందు మాత్రం, "నా ఎనక ఎవలున్నరో ఎరుకైతే బాగుండు" అన్నాడు. ఆ మాట సత్తయ్యను పట్టుకుంది. రిటైరయ్యాక పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తుంటే, మంచులో తన ముందు తండ్రి, ఆయన ముందు ఇంకెవరో, వాళ్ల ముందు మరెవరో పోతున్నట్టు అనిపించేది. వీపులే కనబడేవి. ఒక్కరూ తిరిగి చూసేవారు కాదు.

కూతురు నిరోష అదే క్యాంపస్‌లో జెనెటిక్స్ చదువుతున్నది. ఒకనాడు ఆయన ఆమెకు ఈ సంగతి చెప్పుకున్నాడు.

"డీఎన్ఏ టెస్టు చేయిద్దాం నాయినా," అన్నది నిరోష. "వై క్రోమోజోమ్ అని ఒకటుంటది. ఇంటిపేరు లెక్కనే తండ్రి నుంచి కొడుక్కు వస్తది. నాకు రాదు, నమూనా నువ్వే ఇయ్యాలె."

"రక్తం తీస్తరా?"

"లేదు. బుగ్గ లోపల దూదిపుల్లతోని రాస్తరు, అంతే. ఇట్లనే చేయించుకున్నోళ్లల్ల ఎవరితోనన్న కలిస్తే, వాళ్ల ఇంటిపేరు మనది కావొచ్చు. కానీ మన దిక్కోళ్లు ఆ జాబితాల చాన తక్కువ. ఆశ పెట్టుకోకు."

పెట్టుకోకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడి, దుకాణాల బోర్డుల మీది ఇంటిపేర్లు ఒక్కొక్కటే తన పేరు ముందు పెట్టుకుని మెల్లగా పలికి చూసుకునేవాడు. ఏదీ అతికేది కాదు.

రెండు నెలలకు, జూలైలో ఫలితం వచ్చింది. బాగా దగ్గరగా కలిసింది ఒక్కరితోనే. పేరు ఎం. రంగనాథ్. నిరోష మెయిల్ రాస్తే ఆ సాయంత్రమే జవాబిచ్చాడు. ఉండేది తార్నాకలోనే, మెట్రో స్టేషన్ వెనక సందులో. ఆదివారం మీ నాన్నను తీసుకుని రమ్మన్నాడు.

తలుపు తీసిన మనిషిని చూసి సత్తయ్య గడప దగ్గరే ఆగిపోయాడు. జియాలజీ రంగనాథ్ సారు. ఇరవై ఏళ్లు కౌంటర్ మీదుగా ఆ చేతుల్లోనే పుస్తకాలు పెట్టాడు. కార్డు మీద 'ఎం' ఉండేది. అదేమిటని ఎన్నడూ అడగలేదు.

"సత్తయ్యా, నువ్వా?" రంగనాథ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నేనే సార్. సార్, 'ఎం' అంటే ఏంది?"

"మబ్బు. మేము మబ్బోళ్లం. కడప పక్క మా ఊరు."

సత్తయ్య ఆ ఇంటిపేరును తన పేరు ముందు పెట్టుకుని మెల్లగా పలికి చూసుకున్నాడు. కిటికీ అవతల మెట్రో రైలొకటి నీళ్లలో చేపలా జారిపోయింది.

కూర్చున్నాక రంగనాథ్ చెప్పాడు. "మా తాతకు ఒక తమ్ముడుండె, చిన్న నరసింహులు. కరువులో పెండ్లాన్ని, మూడేళ్ల బిడ్డను తీసుకొని రైలు పనికని ఈ పక్కకు వచ్చినాడు. మళ్లీ జాబు లేదు, మనిషీ లేడు."

"ఆ బిడ్డే మా తాత అని టెస్టు చెప్పదు సార్," అన్నది నిరోష. "మీ ఇద్దరి మూలం ఒక్కటే అని చెప్తది, అంతే. ఎన్ని తరాల కిందనో తెల్వదు."

"నాకు గంతే చాలు," అన్నాడు సత్తయ్య. "సార్, మరి..."

"ఇంకా సార్ ఏమిటికప్పా? అన్నా అను."

ఇరవై ఏళ్ల అలవాటు. మొదటిసారి మళ్లీ సార్ అనే వచ్చింది. రెండోసారి "అన్నా" అన్నాడు.

"ఇంటిపేరు మార్చుకుంటావా?" అని అడిగాడు రంగనాథ్.

"వద్దన్నా. కాయితాలల్ల లచ్చవ్వ రాయించిందే ఉండనీ. ఇది నా లోపల ఉంటది."

అప్పుడే లోపలి గదిలోంచి రంగనాథ్ తల్లి అన్నపూర్ణమ్మ గోడ పట్టుకుని వచ్చింది. తొంభై మూడేళ్లు. చూపు సగమే ఉంది. తన మరిది చిన్న నరసింహులు ఏనాటికైనా తిరిగొస్తాడని పండగ పండగకూ ఒక విస్తరి ఎక్కువ వేయించిన అత్త దగ్గర కాపురం చేసిన మనిషి. సత్తయ్య దగ్గరికి వచ్చి, ఆయన నుదురూ చెవులూ చేత్తో తడిమింది.

"ఇంత పొద్దు చేసినావేమి నాయనా?"

ఆ చిన్న నరసింహులే వచ్చాడనుకుంటున్నదని అందరికీ అర్థమైంది. ఎవరూ సరిదిద్దలేదు.

"తొవ్వ తప్పినం అమ్మా," అన్నాడు సత్తయ్య.

"సరేలే, కూర్చో. అన్నం తిందువుగాని."

ఆయన ఆమె పక్కనే కూర్చున్నాడు. తినేంతసేపూ ఆ ముసలి చెయ్యి ఆయన వీపు మీదే ఉంది.