ఇద్దరే మాట్లాడే భాష

చదువు ముదిరితే మనిషికి కొన్ని మాయరోగాలు పట్టుకుంటాయి. హాయిగా మాట్లాడుకోవడం మానేసి, మాటను పట్టుకుని కోసి చూడడం వాటిలో ఒకటి. భాషాశాస్త్రం చదువుతున్న ఆ అమ్మాయికి పట్టింది అదే.

ఆమె తండ్రికి పుట్టు చెవుడు. మాట రాలేదు, బడి మొహం చూడలేదు. చెక్క సామాన్ల దుకాణం వెనక షెడ్డులో కుర్చీలకూ బల్లలకూ పాలిష్ పెడతాడు. తల్లి చిన్నప్పుడే పోవడంతో ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్లు తమకు తోచిన సైగలేవో అల్లుకున్నారు. అరచేత్తో గాలిని నున్నగా నిమిరితే సంతోషం. అదే గాలిని గోళ్లతో గీకితే బెంగ. చెవి తమ్మె లాగి, వేళ్లు టపటపా తెరిచి మూస్తే మేనత్త. ఆవిడ కమ్మలూ, మూతపడని నోరూ రెండూ అందులో ఇమిడిపోయాయి. పక్క వాటాలోనే ఉండే ఆవిడకు తమ్ముడి సైగలు సగం కూడా తెలియవు గానీ, తన సైగ మాత్రం ఎంత దూరం నుంచైనా పసిగట్టేస్తుంది.

పై చదువుకని హాస్టల్లో చేరాక ఆ అమ్మాయి ఇంటికి రావడం తగ్గింది. పరీక్షలనీ, సెమినార్లనీ ఎప్పుడూ ఏదో ఒక సాకు. అలాంటిది, ఒకరోజు క్లాసులో మాటవరసకి ఇంటి సైగల సంగతి చెబితే ప్రొఫెసరమ్మ కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

"ఇద్దరే మాట్లాడే భాషా! ఇంట్లో ఇది పెట్టుకుని లైబ్రరీలో ఏం వెతుకుతున్నావమ్మా? ఇదే నీ థీసిస్. ఒక్క సైగ కూడా వదలకుండా రాసుకురా."

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆమె పెన్నూ పుస్తకంతో ఇంట్లో వాలేది. తండ్రి మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత ఆదివారానికని గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చోవడం మొదలుపెట్టాడు. వారం వారం కొత్త సైగలు. ముసురు రోజున ఆరని పాలిష్ వాసనకొకటి. బేరమాడి కొనకుండా పోయేవాడికొకటి. కొత్త కుర్చీలో మొదటిసారి కూర్చున్న మనిషి మొహానికొకటి. ఆమె ఊపిరి బిగపట్టి రాసుకునేది. ఇంత గొప్ప భాషలో పెరిగి కూడా సగం నేర్చుకోకుండా వెళ్లిపోయానే అని బస్సులో కుమిలిపోయేది. ప్రొఫెసరమ్మ మాత్రం మురిసిపోయింది.

థీసిస్ ఇచ్చే ముందు ప్రతి సైగనూ రెండోసారి అడిగి సరిచూసుకోవాలి. పాతవన్నీ తు.చ. తప్పకుండా వచ్చాయి. ముసురు వాసన అడిగితే అతను ఇంకేదో చేశాడు. మళ్లీ అడిగితే మరొకటి. ఈ మధ్య రాసుకున్న వాటిలో ఏ ఒక్కటీ రెండోసారి అలాగే రాలేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మేనత్త ఉండబట్టలేకపోయింది.

"పాతవి ఎప్పుడో అయిపోయాయే పిచ్చిమొహమా! వారమంతా అద్దం ముందు నిలబడి కొత్తవి కడుతున్నాడు వాడు. అవి కూడా అయిపోతే నువ్వు రావడం మానేస్తావని వాడి భయం."

ఆ మాటకు వెళ్లి తండ్రిని వాటేసుకోవలసిన పిల్ల. ఏం చెప్పమంటారు, ఆ నిమిషంలో ఆమెకు థీసిసే కనిపించింది. నాలుక కొసను రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు విసిరేస్తే ఆ ఇంట్లో అబద్ధం అని అర్థం. ఆ సైగ తండ్రి మొహం మీదే చేసింది. చాలక, అతను చూస్తుండగానే ఒక్కో పేజీ అడ్డంగా కొట్టేసింది. అతనికి అక్షరాలు రావు. కానీ షెడ్డులో పుచ్చిన చెక్క మీద సుద్దతో అలాగే గీస్తారు, అది పనికిరానిదని. అందుకని ఆ గీత బాగానే అర్థమైంది.

థీసిస్ పాత సైగలతోనే పూర్తయింది. "కాస్త చిన్నదైనా శుభ్రంగా ఉంది," అంది ప్రొఫెసరమ్మ.

ఆ తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు తండ్రి మాట్లాడే తీరు మారిపోయి ఉంది. ఒక్కో సైగ చేసి ఆగుతున్నాడు. ఇది నువ్వు రాసుకున్న వాటిలో ఉందా అన్నట్టు ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆమె తలూపితేనే తర్వాతి సైగ. రాయనిది ఒక్కటీ చెయ్యడం లేదు. ఆమెకు ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. చెయ్యి గుండె దాకా వెళ్లింది. వేళ్లు ఏదో మొదలుపెట్టాయి, సగంలో ఆగాయి. ఆమె వైపు చూసి చెయ్యి ఒళ్లో పెట్టేసుకున్నాడు.

"ఏమంటున్నాడే?" అంది మేనత్త. "వారం నుంచీ ఇదే వరస. షెడ్డుకి కూడా సరిగ్గా వెళ్లడం లేదు."

"చెప్పు నాన్నా," అంది ఆమె, వినబడదని తెలిసీ. ఎలా తోస్తే అలా చెప్పు, తప్పేం లేదు అనాలి. దానికి తమ ఇంట్లో సైగ లేదు. అందుకని అప్పటికప్పుడు ఒకటి కట్టింది. రెండు గుప్పిళ్లూ గుండె దగ్గర పెట్టుకుని, ఒక్కసారిగా విప్పి తండ్రి వైపు చాచింది. మళ్లీ చేసింది. కళ్లనీళ్లు కారుతుంటే మళ్లీ చేసింది.

అతను నిటారుగా కూర్చుని శ్రద్ధగా చూశాడు. తర్వాత తన గుప్పిళ్లు గుండె దగ్గర పెట్టుకుని, అచ్చం ఆమె చేసినట్టే విప్పి చాచి, సరిగ్గా వచ్చిందా అన్నట్టు చూశాడు.