ఎలోడియా ఎత్తుకున్న బిడ్డ

ముగ్గురు రాజుల పండుగనాడు మా ఇంట్లో రొట్టె కోసింది నేనే. అందులో చిటికెనవేలంత బొమ్మ ఒకటి దాచి కాలుస్తాం. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లే ఆ ఇంటి బాలయేసుకు జ్ఞానతల్లి, ఆ ఇల్లాలికి వదిన వరస. నెల తిరక్కుండా వచ్చే కొవ్వొత్తుల పండుగకు స్వామికి కొత్త బట్టలు తొడిగి, గుడికి ఎత్తుకెళ్లి, అందరికీ మొక్కజొన్నపిండి ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలెలు వండిపెట్టాలి. మా కొయ్య బాలయేసు అమ్మమ్మ నాటి వాడు. ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేదాన్ని కాదు.

ఆ రోజు గుమ్మం బయట ఎలోడియా నిలబడింది. చెత్తకుప్పల్లో ఏరుకుని బతికే మనిషి. కాళ్లనిండా మానని పుళ్లు. ఆ వాసనకి ఎవరూ దగ్గరికి రానివ్వరు. త్వరగా పోతుందిలే అని చివరి ముక్క దూరంనుంచే ఆమె చేతిలో పడేశాను. బొమ్మ అందులోనే ఉంది.

"బాగుంది తోమాసా వదినా! ఈసారి స్వామికి గోనెసంచి చొక్కాయేనా?" అని పక్కింటి ఒఫేలియా పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ బొమ్మ వెనక్కి అడుగుదామని మర్నాడు ఎలోడియా గుడిసెకు వెళ్లాను. దాన్ని శుభ్రంగా కడిగి, చిప్పలో గుడ్డ పరిచి పడుకోబెట్టుకుంది.

"బట్టలు నేనే కుడతా అమ్మగారూ. పిండి నలుగురినీ అడిగి తెచ్చుకుంటా. గుడిదాకా నడవగలనో లేదో, అదే భయం. నన్ను ఇంతవరకూ ఎవరూ ఏ బిడ్డకీ జ్ఞానతల్లిగా పిలవలేదు."

బొమ్మ అడగడం మానేసి కింద కూర్చున్నాను. "ఏదీ, కాలు ఇటు పెట్టు" అన్నాను విసురుగా.

మా ఆయన పోయిన ఈ తొమ్మిదేళ్లలో జపమాల ఒక్కపూట మానలేదు నేను. దేవుడు మాత్రం పలకలేదు. గోడతో మాట్లాడినట్టే ఉండేది. ఆ రోజు ఊపిరి బిగబట్టి, ఉప్పునీళ్లతో పుళ్లు కడిగి, పాత దుప్పటి చింపి కట్టు కట్టాను. మర్నాడూ వెళ్లాను. రోజూ వెళ్లాను. ఒకరోజు కట్టు కడుతూ నాలో నేనే ఏదో చెప్పుకుంటుంటే, ఎవరో వింటున్నట్టు అనిపించింది. ఎన్నాళ్లకో! అక్కడే కూలబడి ఏడ్చేశాను.

"నొప్పి నాకైతే మీరు ఏడుస్తారేంటి అమ్మగారూ?" అంది ఎలోడియా.

కొవ్వొత్తుల పండుగనాటికి పుళ్లు ఎండాయి. నా భుజం పట్టుకుని గుడిదాకా నడిచింది. పిండిసంచి గుడ్డకు నీలిరంగు వేసి కుట్టిన అంగీలో, ఆమె చేతుల్లో మా కొయ్య స్వామి ముద్దొచ్చాడు. పూజ అయ్యాక అందరూ వచ్చి ఆయన పాదం ముద్దుపెట్టుకోవాలి. ఒక్కరూ కదల్లేదు. ఒఫేలియా చేతులు కట్టుకుని నిలబడింది.

ఎలోడియా స్వామిని నా వైపు చాపింది. "మీరు ఎత్తుకోండి అమ్మగారూ. అప్పుడైతే వస్తారు."

నిజమే, నేను ఎత్తుకుంటే గొడవే లేదు. వెళ్లి ఆమె ముందు మోకరించాను. స్వామి పాదం ముద్దుపెట్టుకుని, ఆయన్ని మోస్తున్న ఆ చేతినీ ముద్దుపెట్టుకున్నాను.

"ఇంకా అమ్మగారేంటే?" అన్నాను గుడంతా వినబడేలా. "నా బిడ్డకు జ్ఞానతల్లివి. వదినా అని పిలువు."

వెనకాల చెప్పుల చప్పుడైంది. "లే తోమాసా, మేమూ ఉన్నాం ఇక్కడ" అని ఒఫేలియా గొణిగింది.

"వదినా" అంది ఎలోడియా మెల్లగా. తొమ్మిదేళ్లుగా నేను చెవి ఒగ్గి కూర్చున్నది ఆ పలుకు కోసమే.