పాడైన చొక్కాల బుట్ట పేరు

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే మీ ఇంట్లో ఒకరికి, పక్కింట్లో ఇద్దరికి తగులుతుంది. అంత మామూలు పేరు. ఆ కుట్టుపని షెడ్డులో మాత్రం దాన్ని మనుషులకు వాడరు. చొక్కా చెయ్యి తిరగబడినా, కాలరు వంకరపోయినా ఆ పేరే అంటారు. పాడైన చొక్కాలు పడేసే బుట్టకూ అదే పేరు. కొత్తగా చేరినవాళ్లకు సూదిలో దారం ఎక్కించడం కంటే ముందు ఆ మాటే వస్తుంది.

ఆ మాట పుట్టించింది కటింగ్ మాస్టరే. ఇరవై రెండేళ్ల కిందట చారల బట్ట నలభై పొరలు అడ్డంగా తెగిపోయాయి. ఎవరి నిర్వాకమని యజమాని అడిగితే, మాస్టరు బట్ట పరిచే ఆయన పేరు చెప్పాడు. పైగా మర్నాడు ఒక కాలరు చెడిపోతే, దానికి ఆయన పేరు పెట్టి అందరినీ నవ్వించాడు. నిజానికి ఆయన బట్ట సరిగానే పరిచాడు. నమూనా కాగితం అడ్డంగా పెట్టి కోసింది మాస్టరు. బట్ట పరిచే ఆయన మూడు నెలలు ఆ నవ్వులు భరించి, చివరికి పని మానుకున్నాడు. మాస్టరు తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఇన్నాళ్లకు కూతురు కొడుకును కన్నది. మాస్టరు ఉబ్బితబ్బిబ్బై, ఆదివారం మనవణ్ణి షెడ్డుకు తీసుకెళ్లి అందరికీ చూపిస్తానన్నాడు. అప్పుడు చెప్పింది కూతురు, బాబుకు చనిపోయిన మామగారి పేరు ఖాయం చేశామని. అదే పేరు. లోకంలో ఇంకో పేరే దొరకలేదా అని మాస్టరు విసుక్కున్నాడు.

కూతురు బాబును జోకొడుతూనే నెమ్మదిగా అంది. "ఆ పేరు సంగతి నాకూ తెలుసు నాన్నా. చిన్నప్పుడు మీ షెడ్డులో నేనూ నవ్వాను. అత్తగారింటికి వెళ్లిన మొదటిరోజు మామగారి పేరు వినగానే నవ్వాగలేదు. ఎందుకమ్మా నవ్వుతున్నావని ఆయన ఎంత ప్రేమగా అడిగారో! ఏం చెప్పను?"

ఆదివారం షెడ్డులో ఎవరైనా బాబు పేరడిగితే మాస్టరు చెప్పడానికి లేదు. చెబితే పసివాడి మొహం చూసి నవ్వుతారు. నవ్వడం నేర్పింది తనేనాయె. తాను తీసిన గోతిలో మనవడు పడబోతున్నాడు.

శనివారం పొద్దున్నే మిషన్లన్నీ ఆపించాడు. బల్ల అంచు పట్టుకుని, తల దించుకునే చెప్పాడు.

"ఆ నలభై పొరలు కోసింది నేను. ఆయన తప్పేం లేదు. ఇకనుంచి ఆ బుట్టకు నా పేరు పెట్టండి."

షెడ్డులో అందరికంటే పాతకాపు, గుండీలు కుట్టే పెద్దావిడ, చేతిలో పని ఆపలేదు.

"నాకు తెలుసు మాస్టర్," అంది. "ఆ రోజు కోతమిషను మీ చేతిలోనే ఉంది. నా ఉద్యోగమూ మీ చేతిలోనే ఉండేది."

ఆ మాట మాస్టరుకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఆదివారం అర్జెంటు ఆర్డరు కోసం అందరూ పనిలోకి వచ్చారు. మాస్టరు మనవణ్ణి ఎత్తుకొచ్చి, ఎవరూ అడగకముందే పేరు గట్టిగా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ బాబు గడ్డం పట్టుకుని, అదే పేరుతో ముద్దుగా పిలిచింది. మాస్టరు కళ్లు చెమర్చాయి. ఇక గండం గడిచిందనుకున్నాడు.

అంతలో మూలమిషను దగ్గర ఒక చొక్కా చేతి కఫ్ తిరగబడింది. అలవాటుగా పది నోళ్లు తెరుచుకుని, ఠక్కున మూతబడ్డాయి. పెద్దావిడ తలెత్తకుండానే, "మాస్టరైంది. బుట్టలో వెయ్యి," అంది.

షెడ్డంతా గొల్లుమంది. మాస్టరూ నవ్వాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఆ కాస్తలోనే అతని చెవులు కాలిపోయాయి. బట్ట పరిచే ఆయన దీన్ని మూడు నెలలు ఎలా భరించాడో అనుకుంటూ మనవణ్ణి గుండెకు హత్తుకున్నాడు.